దూరాలూ దారులూ – 9: లండన్ నుంచి సిడ్నీకి ఎన్ని మజిలీలు?

లండన్ నుంచి సిడ్నీకి దూరం 17 వేల కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం బిగించి పట్టుకుంటే తేలే లెక్క ఇది. భూమి గుండ్రన కాబట్టి ఏ రెండు ఊళ్లయినా 20 వేల కిలోమీటర్లకు మించి ఎడంగా ఉండలేవు. ఆ లెక్కన ఈ రెండు నగరాలూ ఇంచుమించు ఉండగలిగినంత దూరంలోనే ఉన్నాయి. ఈ అంకె ఎప్పుడూ మారలేదు. గంటలు మారాయి. 1919లో నలుగురు మనుషులు లండన్ శివార్లలో ఎగిరి ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్‌లో దిగడానికి 668 గంటలు పట్టింది. వందేళ్లు గడిచాక, 2019లో, ఒక విమానం లండన్‌లో లేచి 19 గంటల 19 నిమిషాలకు సిడ్నీలో వాలింది.

ఇదే దారిలో ఓడల కాలం ఎలా గడిచిందో కిందటి భాగంలో చూశాం. 1787 మే నెలలో ఖైదీలతో బయల్దేరిన ఓడలు మరుసటి ఏడు జనవరిలో గానీ ఆస్ట్రేలియా చేరలేదు. ఆ తర్వాత తెరచాపల ఓడలు మూడు నెలలకు, సూయజ్ కాలువ వచ్చాక ఆవిరి ఓడలు ఆరు వారాలకు దింపాయి. ఇక గాలి దారి.

ఈ కథను చాలామంది ఇంజిన్ల కథగా చెబుతారు. ఇంజిన్లు పెద్దవయ్యాయి, వేగం పెరిగింది, టైము తగ్గింది అని. అందులో నిజం సగమే. ఆ 668 గంటల్లో విమానం గాల్లో ఉన్నది 135 గంటల పైచిలుకు మాత్రమే. మిగతా అయిదు వందల ముప్పై గంటలూ నేల మీదే గడిచాయి: పెట్రోలు పోసుకోవడం, ఇంజిన్లు విప్పి బిగించడం, వాన తగ్గేదాకా ఆగడం, బురదలోంచి లాగడం. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకో కథ చెప్పినట్టు, ఈ దారిలో ఆగిన ప్రతి ఊరికీ ఒక కథ ఉంది. వందేళ్లలో జరిగింది ఏమిటంటే, ఆ మజిలీలు ఒక్కొక్కటే రాలిపోవడం. అందులో మన దేశపు ఊళ్లు ఎక్కువ.

పది వేల పౌండ్ల పందెం

1919లో మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ఇంగ్లండులో పని లేకుండా ఉన్న ఆస్ట్రేలియా వైమానికులు ఇంటికి పోయే ఓడల కోసం ఎదురు చూస్తున్నారు. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ప్రభుత్వం పది వేల పౌండ్ల బహుమతి ప్రకటించింది. నడిపేవాళ్లు ఆస్ట్రేలియన్లై ఉండాలి, విమానం బ్రిటిష్ సామ్రాజ్యంలో తయారైనదై ఉండాలి, 720 గంటల్లోపు, అంటే 30 రోజుల్లో, చేరాలి, అదీ 1920 డిసెంబర్ చివరిలోగా. హ్యూస్‌కి ఇందులో రాజకీయం ఉంది. సామ్రాజ్యానికి చిట్టచివర వేలాడుతున్న తన దేశం లండన్‌కి కాస్త దగ్గరగా కనబడాలి.

నవంబర్ 12 ఉదయం హౌన్స్‌లో హీత్ మైదానం నుంచి రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, బెనెట్, షియర్స్ అనే ఇద్దరు మెకానిక్‌లు లేచారు. వాళ్ల విమానం వికర్స్ విమీ, యుద్ధానికి చేసిన బాంబర్. రెండు రోల్స్ రాయిస్ ఇంజిన్లు, పైకప్పు లేని కాక్‌పిట్. కిందటి జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ ఇలాంటి విమీలోనే అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆగకుండా దాటారు. స్మిత్‌ల విమానం రెక్కల మీద జి–ఇ–ఎ–ఓ–యు అనే రిజిస్ట్రేషన్ అక్షరాలుండేవి. ‘దేవుడా, మమ్మల్నందర్నీ కాపాడు’ అని వాటికి సిబ్బంది తమాషా అర్థం చెప్పుకున్నారు.

రాస్ స్మిత్‌కి ఒక అనుకూలత ఉంది, అది ఇంజిన్ కంటే విలువైనది. కిందటి ఏడాది చివర్లో అతను కైరో నుంచి కలకత్తాకి విమానంలో వచ్చాడు. కలకత్తా నుంచి అటు తూర్పు దీవుల దాకా ఓడలో తిరిగి, ఎక్కడెక్కడ విమానం దించడానికి వీలుంటుందో కళ్లారా చూసి వచ్చాడు. అప్పట్లో కలకత్తాకి తూర్పున విమానాశ్రయాలనదగ్గవి దాదాపు లేవు. గుర్రప్పందాల మైదానాలు ఉన్నాయి. ఈ దారిలో తొలి విమానాలకు అవే దిక్కు.

ఇరాక్‌లోని రమాదీలో రాత్రి గాలివాన విమానాన్ని ఎగరగొట్టేస్తుందేమోనని భారతీయ అశ్వికదళ సైనికులు రెక్కలు పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డారు. వాళ్ల పేర్లు ఏ రికార్డు పుస్తకంలోనూ లేవు. కరాచీ, ఢిల్లీ దాటి అలహాబాద్ చేరారు. అక్కడ లేవబోతుంటే బాగా బలిసిన ఒక ఆంబోతు మైదానంలోకి వచ్చి విమానం మీదికి కొమ్ములు దించింది. కీత్ స్మిత్ కిందికి దూకి దాన్ని అదిలించాల్సి వచ్చింది. కలకత్తాలో దిగింది రేసుకోర్సులోనే. మళ్లీ లేచేటప్పుడు జనం కిక్కిరిసి ఉండగా గద్దలు అడ్డం వచ్చి ఒకటి ప్రొపెల్లర్‌కి తగిలింది. ఇంకొంచెం గట్టిగా తగిలి ఉంటే ఈ వ్యాసంలో వేరే పేర్లుండేవి.

బర్మా తీరంలోని అక్యాబ్‌లో వాళ్లకు ఎతియెన్ పూలే అనే ఫ్రెంచి వైమానికుడు కనిపించాడు. అతను వీళ్ల కంటే నెల ముందే పారిస్‌లో బయల్దేరాడు. ఆస్ట్రేలియన్ కాదు కాబట్టి బహుమతి రాదని తెలిసీ, తొలిగా చేరిన ఖ్యాతి కోసం వచ్చాడు. వీళ్లు అతన్ని అక్కడే అందుకుని, ఆ తర్వాత దాటిపోయారు. జావా దీవిలోని సురబయలో విమానం బురదలో ఇరుసుల దాకా దిగబడింది. ఊళ్లోవాళ్లు ఇళ్ల నుంచి వెదురు తడకలు తెచ్చి వరసగా పరిచారు. ఆ తడకల మీద పరుగెత్తి విమీ గాల్లోకి లేచింది. డిసెంబర్ 10న డార్విన్‌లో దిగారు. పరుగెత్తుకొచ్చిన మొదటి వాళ్లలో కస్టమ్స్, ఆరోగ్య శాఖల అధికారులున్నారు. ప్రపంచంలో ఏమి మారినా విమానాశ్రయంలో మొదట ఎదురయ్యేది ఎవరో ఆ రోజే నిర్ణయమైపోయింది.

పందెంలో దిగిన మిగతా వాళ్ల సంగతి విషాదం. ఒక విమానం లేచిన కాసేపటికే లండన్ పక్కనే కూలింది, మరొకటి గ్రీసు దేశపు కార్ఫు దీవి దగ్గర సముద్రంలో పడింది. నలుగురు చనిపోయారు. ‘కంగారూ’ అనే పేరున్న విమానం క్రీట్ దీవిలో అదుపు తప్పి పిచ్చాసుపత్రి కంచెకు తగిలి ఆగింది. రే పారర్, మెకింటాష్ అనే ఇద్దరు బహుమతి స్మిత్‌లకు దక్కిపోయాక 1920 జనవరిలో బయల్దేరి, ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో 206 రోజులకు డార్విన్ చేరారు. ఓడలో వెళ్లి ఉంటే ఆ పాటికి రెండుసార్లు పోయి రావచ్చు.

విజేతల కథలో కూడా ఒక మెలిక ఉంది. లండన్ నుంచి డార్విన్‌కి 28 రోజులు పట్టిందా, డార్విన్ నుంచి సిడ్నీకి రెండు నెలలు దాటింది! క్వీన్స్‌లాండ్ లోపల ఇంజిన్ పాడై, దాన్ని రైల్వే వర్క్‌షాపులో బాగు చేయించుకుని, 1920 ఫిబ్రవరి 14న గానీ సిడ్నీలో దిగలేదు. ఆస్ట్రేలియా లోపల విమానాలు దిగే చోట్లు వెతకమని పంపిన హడ్సన్ ఫిష్, పాల్ మగిన్నెస్ అనే ఇద్దరు మాజీ సైనికులు ఫోర్డ్ మోడల్ టి కారులో దారీ తెన్నూ లేని ఎడారుల్లో డార్విన్ దాకా నానా అవస్థలూ పడి వెళ్లారు. ఆ తిరుగుడులో వాళ్లకు తెలిసివచ్చింది ఒకటే, ఈ దేశానికి రోడ్ల కంటే ముందు విమానాలు కావాలని. 1920 నవంబర్ 16న వాళ్లు పెట్టిన చిన్న కంపెనీ క్వాంటాస్. మన కథలో మిగతా భాగమంతా ఆ కంపెనీతోనే నడుస్తుంది.

పందెంలో ఓడినా ఊరు గెలిచిన రాత్రి

1928లో బర్ట్ హింక్లర్ ఒంటరిగా పదిహేనున్నర రోజుల్లో డార్విన్ చేరాడు. 1930లో యార్క్‌షైర్ అమ్మాయి ఏమీ జాన్సన్ చిన్న జిప్సీ మాత్ విమానంలో పంతొమ్మిదిన్నర రోజుల్లో అదే పని చేసింది. ఝాన్సీలో పెట్రోలు అయిపోయి సైనికుల కవాతు మైదానంలో దిగాల్సి వచ్చింది. వీళ్ల మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, కాబట్టి త్వరగా ముందుకు పోదాం. ఆగాల్సింది 1934 దగ్గర.

ఆ ఏడాది అక్టోబర్ 20న ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కి విమాన పందెం జరిగింది. మెల్‌బోర్న్ నగరానికి నూరేళ్లు నిండిన సందర్భంగా మిఠాయిల వ్యాపారి మెక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ డబ్బు పెట్టాడు. అందరూ తప్పనిసరిగా ఆగాల్సిన చోట్లు అయిదు: బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్ల్‌విల్. గంగా యమునల సంగమం ఊరు ప్రపంచ విమాన పటంలో ఒక ముఖ్యమైన చుక్కగా ఉన్న కాలం అది. అంతకుముందు అంత కీర్తి మూటగట్టుకున్న ఏమీ జాన్సన్, ఆమె భర్త జిమ్ మాలిసన్ మొదట్లో అందరికంటే ముందున్నారు. దారి తప్పి జబల్‌పూర్‌లో దిగి, విమానాల పెట్రోలు దొరక్క మామూలు మోటారు పెట్రోలు పోయించుకున్నారు. ఆ దెబ్బకు ఇంజిన్ పాడై అలహాబాద్‌లో వాళ్ల పందెం ముగిసింది.

గెలిచింది స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ అనే ఇంగ్లిషువాళ్లు. పందెం కోసమే చేసిన ఎర్రటి డి హావిలాండ్ కామెట్‌లో 71 గంటల్లో మెల్‌బోర్న్ చేరారు. కానీ ఆ పందెంలో చరిత్ర మార్చింది రెండో స్థానం. డచ్చి కంపెనీ కెఎల్ఎం ఒక మామూలు డగ్లస్ డిసి–2 ప్రయాణికుల విమానాన్ని, ‘అయివర్’ అనే దాన్ని, ముగ్గురు టికెట్టు ప్రయాణికులతోనూ టపాతోనూ పంపింది. అది తొంభై గంటలకు అటూ ఇటూగా పూర్తి చేసింది. పందెం విమానం కంటే ఇరవై గంటలే ఆలస్యం!

ఆఖరి రాత్రి అయివర్ పిడుగుల వానలో చిక్కుకుని దారి తప్పింది. కింద ఆల్‌బరీ అనే చిన్న ఊరు. పైన విమానం గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు విని, ఊరి పేరు తెలియాలని వీధి దీపాలన్నింటినీ కలిపి మోర్స్ సంకేతాల్లో ఆర్పుతూ వెలిగించారు. స్థానిక రేడియో స్టేషన్ కార్లున్నవాళ్లందర్నీ రేసుకోర్సుకు రమ్మని పిలిచింది. హెడ్‌లైట్ల వెలుతురు వరసలో పైలట్ పార్మెంటీర్ ఆ వానలో విమానాన్ని దించాడు. పొద్దున్నే ఊరి జనం తాళ్లు కట్టి బురదలోంచి బయటకు లాగారు. ఈ దారి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాత్రి ఇది. గెలిచినవాడి పేరు చాలామందికి గుర్తు లేదు, ఆల్‌బరీలో మాత్రం అయివర్ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పాపం, ఆ విమానం బతికింది మాత్రం కొద్దివారాలే. అదే డిసెంబర్‌లో బటావియాకు క్రిస్మస్ టపా తీసుకుపోతూ ఇరాక్ ఎడారిలో కూలిపోయింది. అందులో ఎవరూ మిగల్లేదు.

టికెట్టు కొని వెళ్లడం

1935 నుంచి డబ్బున్నవాళ్లు ఈ ప్రయాణాన్ని టికెట్టు కొని చేయగలిగారు. లండన్ నుంచి సింగపూర్ దాకా ఇంపీరియల్ ఎయిర్‌వేస్, అక్కడి నుంచి బ్రిస్బేన్ దాకా దాని భాగస్వామి క్వాంటాస్. పన్నెండున్నర రోజులు. టికెట్టు ధర 195 పౌండ్లు. ఆ ‘విమాన ప్రయాణం’లో రైలు కూడా ఉండేది. క్రాయిడన్ నుంచి పారిస్‌కి విమానం, పారిస్ నుంచి ఇటలీ చివర ఉన్న బ్రిండిసికి రైలు, అక్కడ మళ్లీ విమానం. ఇటలీతో పేచీలే దానికి కారణం. అదే మాదిరి, పర్షియా తన తీరం మీదుగా ఎగరనివ్వకపోవడంతో 1932లో ఇంపీరియల్ దారి గల్ఫ్‌కి అవతలి ఒడ్డుకు మారింది. షార్జా షేకు విమానాశ్రయానికి చోటిచ్చాడు, ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి అక్కడ కోటలాంటి బసను కట్టారు. ఇప్పుడది మ్యూజియం. ఈ రోజు గల్ఫ్ మీదుగా లక్షల మంది తెలుగువాళ్లు విమానాలు మారుతున్నారంటే, ఆ మార్పిడికి తొలి ఇటుక ఆ పేచీలో పడింది.

గల్ఫ్ నుంచి గ్వాదర్, కరాచీ, జోధ్‌పూర్, ఢిల్లీ, కాన్పూర్, అలహాబాద్, కలకత్తా. అంటే ఇండియా దాటడానికే ఇన్ని మజిలీలు. దక్షిణాదికి ఈ దారిలో చోటు లేదు. కానీ ఉత్తరాలకు దొరికింది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో ఇంపీరియల్ టపా అందుకుని చిన్న పుస్ మాత్ విమానంలో అహ్మదాబాద్ మీదుగా బొంబాయి తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. లండన్ ఉత్తరం మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాలకు రోజుల తేడాతో ముందే చేరడం అలా మొదలైంది. లండన్–ఆస్ట్రేలియా దారికి తెలుగునేలను ముడివేసిన తొలి పాయ ఇదే.

1938లో నేల మీద దిగే విమానాలు పోయి నీళ్ల మీద దిగే పడవ విమానాలు వచ్చాయి. సౌతాంప్టన్ రేవులో ఎక్కితే సిడ్నీ రోజ్ బే రేవులో దిగడం, తొమ్మిది పది రోజుల ప్రయాణం. రాత్రిళ్లు ఎగరరు, కంపెనీ ఖర్చుతో మంచి హోటళ్లలో పడక. విమానంలో నిలబడి కిటికీలోంచి చూడటానికి వీలుగా వరండా లాంటి గది ఉండేది. విమానాశ్రయం కట్టక్కర్లేదు, నీళ్లుంటే చాలు. అందుకని మన దేశంలో మజిలీలు మారిపోయాయి. కరాచీ తర్వాత రాజస్థాన్‌లో రాజసమంద్. మేవాడ్ రాణా రాజసింహుడు 17వ శతాబ్దంలో కరువు కాలంలో తవ్వించిన చెరువు అది. తర్వాత గ్వాలియర్ దగ్గరి జలాశయం, అలహాబాద్‌లో యమున, కలకత్తాలో హుగ్లీ. సిడ్నీకి పోయే దొర ఒకడు మేవాడ్ చెరువులో దిగి టీ తాగి మళ్లీ ఎగిరిపోవడం మూణ్ణాలుగేళ్ల పాటు వారానికి మూడుసార్లు జరిగే మామూలు విషయం.

రెండు సూర్యోదయాలు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. దారి మధ్యలో తెగిపోయింది. ఏప్రిల్‌లో జపాన్ యుద్ధనౌకలు హిందూ మహాసముద్రంలోకే వచ్చాయి. సిలోన్ దక్షిణ కొసన ఉన్న కొగ్గల సరస్సు నుంచి ఎగిరిన ఒక కెటలీనా పడవ విమానం ఏప్రిల్ 4న వాటిని చూసి కబురు చేసింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. విశాఖ నుంచి జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగెత్తిన రోజులవి. మన పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఉన్న ఆ బాంబులూ, ఆస్ట్రేలియాకి లండన్‌తో తెగిన దారీ ఒకే దాడిలో భాగం.

ఆ దారిని మళ్లీ కలపడానికి క్వాంటాస్ చేసిన పని ఈ వందేళ్లలో అన్నిటికంటే సాహసమైనది. పెర్త్ నగరంలో స్వాన్ నది మీద ఎక్కి, ఏ మజిలీ లేకుండా హిందూ మహాసముద్రం దాటి, అదే కొగ్గల సరస్సులో దిగడం. 5,652 కిలోమీటర్లు. 1943 జూన్ చివర్లో మొదలైంది. అయిదు కెటలీనాలు, అయిదుకీ నక్షత్రాల పేర్లు: ఆల్టేర్, వేగా, రైజెల్, యాంటారిస్, స్పైకా. దారి చూపించేవీ నక్షత్రాలే. జపాన్ విమానాల కంట పడకూడదని రేడియోలో మాట్లాడకూడదు, కింద సముద్రం తప్ప గుర్తులు లేవు. నావిగేటర్ రాత్రంతా నక్షత్రాలు కొలిచి లెక్క కట్టాలి.

పెట్రోలు మోయడానికి విమానంలోంచి పనికిరానిదల్లా తీసేశారు, పనికొచ్చేవి కూడా కొన్ని. అదనపు ట్యాంకులతో మామూలు పరిమితిని మించిన బరువుతో లేచేవి. మొదటి కొన్ని గంటల్లో ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోది ఒక్కటే ఆ బరువు మోయలేదు. ఇంత చేసి మోసింది ముగ్గురు ప్రయాణికుల్నీ, 69 కిలోల టపానీ. గంటకు 200 కిలోమీటర్ల వేగం. మామూలుగా 28 గంటలు, ఎదురుగాలి ఉంటే ముప్పై పైన. అతి పొడవైన ప్రయాణం 32 గంటల 9 నిమిషాలు. కాలాన్ని బట్టి చూస్తే ఇంతకు మించి ప్రయాణికుల్ని గాల్లో ఉంచిన సర్వీసు ఈ రోజుకీ మరొకటి లేదు. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసేవారు కాబట్టి ప్రయాణికులకు ‘రెండు సూర్యోదయాల రహస్య సంఘం’లో సభ్యత్వం ఇస్తున్నట్టు ఒక సర్టిఫికెట్ చేతికిచ్చేవారు.

1945 జూలై దాకా 271 సార్లు సముద్రం దాటారు. ఒక్క మనిషి ప్రాణం పోలేదు. యుద్ధం అయిపోయాక, అమెరికా అరువిచ్చిన విమానాలు కాబట్టి ఒప్పందం ప్రకారం వాటిని ఎవరూ వాడుకోకుండా సముద్రంలో ముంచేశారు. ఇంత చరిత్ర ఉన్నవాటిలో కనీసం ఒక్కదాన్నైనా ఉంచుకోవాలని ఒప్పందం రాసినవాళ్లకు తోచలేదు. ఈలోగా 1944లో చేరిన లిబరేటర్ బాంబర్లు అదే సముద్రాన్ని పదిహేడు గంటల్లో దాటడం మొదలుపెట్టాయి. ఆ విమానాల మీదనే తొలిసారిగా కంగారూ బొమ్మ వేశారు. లండన్–ఆస్ట్రేలియా దారికి ‘కంగారూ రూట్’ పేరు స్థిరపడింది.

కలకత్తా కూడా పోయింది

1947 డిసెంబర్ 1న సిడ్నీ నుంచి లండన్‌కి క్వాంటాస్ కాన్స్‌టలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో, 11 మంది సిబ్బందితో లేచింది. నాలుగు రోజుల ప్రయాణం, అందులో 55 గంటలు గాల్లో. ఒకే విమానంలో చివరిదాకా. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ మజిలీలు. సింగపూర్, కైరోల్లో రాత్రి పడక. ఆ దారి గీసిన రోజుల్లో కలకత్తా, కరాచీ ఒకే దేశం. విమానం ఎగిరేనాటికి అవి రెండు దేశాలు. పోయిరావడానికి టికెట్టు 585 పౌండ్లు, అంటే సగటు ఆస్ట్రేలియా ఉద్యోగికి ఏడాది దాటిన జీతం. అంత కట్టి వెళ్లినవాళ్లు ఎవరో ఊహించుకోవచ్చు.

1959లో బోయింగ్ 707 జెట్టు వచ్చింది. ఈ కథలో పెద్ద వేగపు మార్పు అంటే ఇదే. ఇక్కడో విచిత్రం గమనించాలి. ఆ 707 గాల్లో ఎంత వేగంగా పోయేదో, ఇవాళ మనం ఎక్కే విమానాలు ఇంచుమించు అంతే వేగంగా పోతున్నాయి. అరవై అయిదేళ్లలో వేగం పెరగలేదు. అయినా లండన్–సిడ్నీ గంటలు తగ్గుతూనే వచ్చాయి. ఎలా అంటే, ఒక్కో మజిలీ తీసేస్తూ. ట్యాంకులు పెద్దవై, ఇంజిన్లు పెట్రోలు తక్కువ తాగుతున్న కొద్దీ కైరో, కరాచీ, కలకత్తా వెనకబడ్డాయి. 1971లో 747 వచ్చాక, మరి కొన్నేళ్లకు, మధ్యలో ఒక్క మజిలీ చాలు అన్న స్థితి వచ్చింది. సింగపూర్, లేదంటే బ్యాంకాక్. తర్వాత 2013 నుంచి అయిదేళ్లు దుబాయ్.

అలహాబాద్‌కి, కలకత్తాకి ఇందులో తప్పేమీ లేదు. అవి చెడిపోయి పోలేదు, అవసరం తీరి పోయాయి. అయినా ఈ దారి పటాలు వరసగా చూస్తే 1934లో మధ్యన ఉన్న మన దేశం అరవై ఏళ్లలో కిటికీ కింద రాత్రిపూట దీపాల గుంపుగా మిగిలిపోవడం కాస్త మనసుకు తగులుతుంది. ఇప్పుడు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరిన తెలుగు తల్లిదండ్రులు సింగపూర్‌లో విమానం మారి, 1919లో స్మిత్ సోదరులు దిగిన ఊరి మీదుగానే పోతున్నారు.

ఆగకుండా

1989 ఆగస్టు 17న కొత్త బోయింగ్ 747–400 ఒకటి లండన్ హీత్రోలో లేచి, ఎక్కడా ఆగకుండా సిడ్నీలో దిగింది. 20 గంటల 9 నిమిషాలు. దానికోసం జర్మనీలో ప్రత్యేకంగా చిక్కటి ఇంధనం తయారు చేయించారు. ఇంజిన్లు నడుపుకుంటూ రన్‌వే దాకా పోతే ఇంధనం వృథా అని విమానాన్ని ట్రాక్టరుతో లాక్కుపోయారు. లోపల ఇరవై మూడు మంది, అందరూ సిబ్బందీ కంపెనీవాళ్లూ. టికెట్టు కొన్నవాడు ఒక్కడూ లేడు. ఖాళీ విమానం మాత్రమే ఆ దూరం పోగలదని రుజువు చేసిన ప్రయాణం అది. ఆ విమానం ఇప్పుడు సిడ్నీకి దక్షిణాన వొలాంగాంగ్ దగ్గర మ్యూజియంలో ఉంది.

ఇక్కడి నుంచి ముప్పై ఏళ్లు కథ కదల్లేదు. అడ్డం పడింది పెట్రోలు బరువు. దూరం పెరిగిన కొద్దీ ఎక్కువ ఇంధనం మోయాలి, ఆ బరువును మోయడానికి మరింత ఇంధనం కావాలి, దాన్ని మోయడానికి మళ్లీ ఇంకొంత. ఆఖరికి ప్రయాణికులకు చోటు మిగలదు. మధ్యలో దిగి పోయించుకోవడమే చౌక. మజిలీ అంటే ఆలస్యం అనుకుంటాం గానీ, లెక్కలు చూసేవాడికి అది పొదుపు.

2018 మార్చి 24న పెర్త్ నుంచి లండన్‌కి బోయింగ్ 787 సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్లు, పదిహేడు గంటల పైచిలుకు. ఆస్ట్రేలియాని ఐరోపాతో ఒక్క ఎగురులో కలిపిన తొలి రోజువారీ సర్వీసు ఇది. మరుసటి ఏడు నవంబర్‌లో లండన్–సిడ్నీ ఆగకుండా పోయిన ప్రయోగ విమానానికి పట్టిన కాలం, మొదట్లో చెప్పుకున్నాం, 19 గంటల 19 నిమిషాలు. 1989 కంటే యాభై నిమిషాలు తక్కువ, అంతే. అందులో యాభై రెండు మంది ఉన్నారు. వాళ్లు నిద్రపోయిన వేళలు, తిన్నవి, కదలికలు, పైలట్ల మెదడు తరంగాలు అన్నీ కొలిచారు. విమానం అంత దూరం పోగలదా అన్న ప్రశ్నతో సమానంగా, మనిషి అంతసేపు కూర్చోగలడా అన్న ప్రశ్న వచ్చింది. కెటలీనాల్లో ముప్పై రెండు గంటలు కూర్చున్నవాళ్లను అడిగేవాళ్లు లేరు. ఆ కెటలీనాలను తలుచుకునే క్వాంటాస్ ఈ పథకానికి ‘ప్రాజెక్ట్ సన్‌రైజ్’ అని పేరు పెట్టుకుంది.

2022 మే నెలలో ఆ పథకం కోసం 12 ఎయిర్‌బస్ ఎ350–1000 విమానాలకు ఆర్డరిచ్చారు. ఒక్కోదానిలో 20 వేల లీటర్ల అదనపు ట్యాంకు. అంత పెద్ద విమానంలో సీట్లు 238 మాత్రమే. ఇవి చేతికందడం ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. ఈలోపు 2024 ఏప్రిల్‌లో పశ్చిమాసియా గొడవల వల్ల ఇరాన్ గగనతలం మీదుగా పోవడం క్షేమం కాదని తేలింది. చుట్టుతిరిగి పోతే పెర్త్–లండన్ విమానానికి నిండా మనుషులతో ఇంధనం చాలదు. కొంతకాలం ఆ విమానం పెర్త్‌లో లేచి సింగపూర్‌లో దిగి, పెట్రోలు పోయించుకుని మరీ లండన్ వెళ్లింది.

(సశేషం. వచ్చే భాగం: 1954లో కోపెన్‌హేగన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా)